డెబ్బై రెండు గదులు

నేను ఒక చిప్పును. ఈ మాట వినగానే మీలో చాలామంది ఫోనులో పెట్టే కార్డును ఊహించుకుంటారు. నేను అది కాను. అంగుళం కంటే కాస్త పెద్దదైన నల్లని చదరాన్ని. నాలుగు వైపులా కలిపి ఎనభై నాలుగు కాళ్లు, అన్నీ లోపలికి మడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టు ఉంటాయి. లోపల డెబ్బై రెండు గదులున్నాయి. ఒక్కో గదిలో ఒక్క సంగతే ఉంటుంది: అవును, లేదా కాదు. ఏ గది ఎవరి మాట విని తన సంగతి మార్చుకోవాలో బయటి మనిషి నిర్ణయిస్తాడు. ఒకసారి చెబితే కరెంటు పోయినా, పదేళ్లు డబ్బాలో పడేసినా మరిచిపోను. చెరిపేసి కొత్త పని చెబితే పాతదాన్ని మనసులో పెట్టుకోను. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

గొప్పలు చెప్పుకోవడానికి ఈ మాట అనలేదు. నా పని నాకు బాగా వచ్చు, అంతే.

నేను పుట్టింది దుమ్ము లేని చోట. నన్ను చేసినవాళ్లు కళ్లు మాత్రమే కనిపించేలా నిండా కప్పుకుని తిరిగేవారు. ఒక్క ధూళి కణం పడినా నేను పనికిరాకుండా పోతానని వాళ్ల భయం. ఆ తర్వాత నా బతుకంతా దుమ్ములోనే గడిచింది. ఏమీ కాలేదు.

నా మొదటి ఉద్యోగం ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఎవరి ఇంట్లో గంట మోగాలో, ఎవరికి ఎవరిని కలపాలో చెప్పే పెద్ద సర్క్యూట్ పలక మీద నాదొక మూల. పదకొండేళ్లు ఆ ఊరి మాటలన్నీ నా పక్క నుంచే వెళ్లాయి. నేను ఒక్కటీ వినలేదు. వినడం నా పని కాదు, దారి ఇవ్వడమే నా పని. కానీ ఒకటి గమనించాను. మనుషులు అసలు సంగతి చెప్పడానికి తీసుకునే సమయం చాలా తక్కువ. "ఇంకేంటి", "ఉంటాను మరి" అనడానికి తీసుకునే సమయం చాలా ఎక్కువ.

సెల్ ఫోన్లు వచ్చాక ఆ ఎక్స్ఛేంజికి తాళం పడింది. పలకలన్నిటినీ పాత సామాన్ల వాళ్లు లారీలో ఎత్తుకుపోయారు. నాలో వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలున్నాయని వాళ్లకు తెలుసు. నా తోటివాళ్లు చాలామంది ఆ తీగల కోసమే యాసిడ్ తొట్టిలోకి వెళ్లారు. నన్ను మాత్రం ఎవరో వేడి గాలితో పలక మీంచి ఊడదీసి, కాళ్లు తుడిచి, హైదరాబాద్ కోఠీలో యాదగిరి అనే దుకాణదారుకు అమ్మారు. ఆయన దుకాణంలో రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. నేలనుంచి పైకప్పు దాకా చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగులే. అందులో ఒకదానిలో నాలుగేళ్లు ఉన్నాను.

ఆ దుకాణానికి ఒక ఏప్రిల్ నెలలో భావనారాయణ మాస్టారు వచ్చారు. సామర్లకోటలో ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మనిషి. చేతిలో గుడ్డసంచి, సంచిలో గళ్ల పుస్తకం. వీడియో ప్లేయరు సొంతంగా తయారు చేసుకోవాలనుకుంటున్నాననీ, అందుకు తగిన చిప్పు కావాలనీ చెప్పారు. కెమెరాలో వాడే కార్డు మీద బొమ్మలుంటాయి. వాటిని సెకనుకు ఇరవై అయిదు చొప్పున, గీతగీతగా, క్షణం తేడా రాకుండా పాత టీవీకి అందించాలి. మామూలు బుల్లి కంప్యూటరు చిప్పు ఆ వేగాన్ని అందుకోలేదు. లెక్కపెట్టడం తప్ప వేరే ధ్యాస లేనివాళ్లు కావాలి. అంటే నాలాంటివాళ్లు.

యాదగిరి ఆయన్ను కాసేపు ఎగాదిగా చూశాడు.

"గింత తిప్పలెందుకు సార్. డీవీడీ ప్లేయరొకటి కొన్కోర్రి. మస్తు ఆడుతది."

"రెండు కొన్నామండి," అన్నారు మాస్టారు. "పిల్లల చేతుల్లో నెలకల్లా డిస్కులన్నీ గీతలు పడిపోయాయి."

ఏ పిల్లలో, ఏ డిస్కులో ఆయన చెప్పలేదు. యాదగిరి అడగలేదు. మూడు చిప్పులు తీసి అద్దం మీద వరసగా పెట్టాడు. మొదటిదానిలో ముప్పై ఆరు గదులే. మాస్టారు గళ్ల పుస్తకం చూసుకుని దాన్ని పక్కకు జరిపారు. మూడోది బాగా పెద్దది, మెరుస్తోంది. నేను మధ్యలో.

"గీ పెద్దదాంట్ల వేల గదులుంటయ్," అన్నాడు యాదగిరి. "గాని కరెంటు పోతే అంత మర్చిపోతది. పక్కన ఇంకో చిప్పు పెట్టి మల్ల మొదటికెల్లి చెప్పియ్యాలె."

"రోజూ పొద్దున్నే మొదటి నుంచి చెప్పించుకునేవాళ్లు మా బళ్లో చాలామంది ఉన్నారండి. ఇంట్లో కూడా ఎందుకు?"

యాదగిరి నవ్వాడు. మాస్టారు పెద్దదాన్ని తిరగేసి చూశారు. దానికి కాళ్లు లేవు. పొట్ట కింద ఆవగింజల్లాంటి సీసపు చుక్కలున్నాయి. చేత్తో టంకం పెట్టే మనిషికి అక్కడ అందేదేమీ లేదు. దాన్ని కిందపెట్టి నన్ను తీసుకుని, కాళ్లను గోటితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. మూడోవైపుకు వచ్చేసరికి యాదగిరి ఉండబట్టలేక నిజం చెప్పేశాడు.

"అది పాత మాలు సార్. ఎక్స్ఛేంజిలకెల్లి తీసింది. తర్వాత నన్ననొద్దు."

"ఉద్యోగం చేసి వచ్చిందే కదండి," అన్నారు మాస్టారు, లెక్క ఆపకుండా. ఎనభై నాలుగూ ఉన్నాయని తేలాక నన్ను సంచిలో వేసుకున్నారు.

ఆయన నన్ను ఎంచుకోవడం అది మొదటిసారి.

సామర్లకోటలో ఆయనది రెండు గదుల ఇల్లు. వీధి గదిలో కిటికీ పక్కన బల్ల. ఆయన టంకం కాచే ముందు ప్రతిసారీ లేచి ఆ కిటికీ తెరిచేవారు. ఆ ఇంట్లో అది చాలా ఏళ్లుగా ఉన్న నిబంధన అని తర్వాత తెలిసింది. పెట్టింది ఆయన భార్య హైమవతి. పొగ ఇంట్లో ఉంటే ఆయన బయట ఉండాలి, ఆయన ఇంట్లో ఉంటే పొగ బయటికి పోవాలి అనేదట. ఆ ఏడాది జనవరిలో మూడు రోజుల జ్వరంతో ఆవిడ చనిపోయింది. నిబంధన మిగిలింది.

హైమవతి పెద్దాపురం రోడ్డులో ఉన్న బధిర పాఠశాలలో టీచరు. వినపడని పిల్లలకు సైగల భాషలో పాఠాలు చెప్పేది. చేతులతో చెబుతూనే పైకి మాట్లాడేది కూడా, పెదవులు చూసి అర్థం చేసుకునే పిల్లలు కొందరుంటారు కాబట్టి. చివరి రెండేళ్లలో బడివాళ్లు ఆవిడ పాఠాలు పదకొండింటిని కెమెరాతో తీశారు. ఆవిడ పోయాక కొత్త టీచరు రాలేదు. ఆ పాఠాలైనా పిల్లలు తమంతట తాము పెట్టుకుని చూసుకునే వీలు కావాలని హెడ్‌మిస్ట్రెస్ మేరీరత్నం గారు మాస్టారిని అడిగారు. పిల్లలు ఇంకొకటి కూడా అడిగారు. టీచరుగారి చెయ్యి చాలా వేగం. బొమ్మను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ తిప్పుకోవడానికి రేడియోకు ఉన్నట్టు ఒక నాబు ఉంటే బాగుంటుందన్నారు. డీవీడీని ఆపితే చేతుల చోట మసక తప్ప ఏమీ కనిపించదు.

గళ్ల పుస్తకం మొదటి పేజీలో మాస్టారు రెండు మాటలు రాసుకున్నారు. ఒకటి: ధ్వని. రెండు: నాబు.

పిల్లలు ధ్వని అడగలేదు. ఆ మాట ఆయన సొంతం. హైమవతి గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. పెళ్లి వీడియోలో సన్నాయి తప్ప మరేదీ వినపడదు. ఆవిడకు ఫోటో అన్నా, రికార్డు అన్నా గిట్టేది కాదు. ఉన్నవల్లా ఈ పదకొండు పాఠాలే. ఆ పాఠాలను ఆయన కంప్యూటర్లో ముక్కలు చేసి కార్డుమీదికి ఎక్కించారు గానీ వినలేదు. ఆ కంప్యూటరుకు స్పీకర్లు లేవు. కొనుక్కోవచ్చు. కొనలేదు. యంత్రం పూర్తయ్యాక, దానిలోనే మొదటిసారి వినాలని పెట్టుకున్నారు.

ఆయన నాకు పని అప్పగించిన తీరు చెప్పాలి. బడిపంతులు కాబట్టి పరీక్షల్లో సీటింగ్ ప్లాను వేసినట్టు వేశారు. నా గదులు నాలుగు వరసలుగా ఉంటాయి, వరసకు పద్దెనిమిది. ఆయన నాలుగు హాళ్లు గీసి, హాలుకు పద్దెనిమిది బెంచీలు వేసి, ఒక్కొక్కరికి పేరు రాశారు. గీతలు లెక్కపెట్టువారు తొమ్మిది మంది. చుక్కలు లెక్కపెట్టువారు తొమ్మిది మంది. కార్డు గుమ్మం దగ్గర నిలబడువారు. బొమ్మ అయిపోయిందని చెప్పువారు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే గొడవ రాదో చూసుకుంటూ, రబ్బరుతో చెరుపుతూ, వేసవి సెలవులన్నీ దాని మీదే కూర్చున్నారు. ఎక్స్ఛేంజిలో నాకు పని చెప్పిన ఇంజనీర్లు నన్ను ఇంత మర్యాదగా చూడలేదు.

బొమ్మకు యాభై మూడు గదులు పట్టాయి. ధ్వనికి పంతొమ్మిది. లెక్క సరిగ్గా డెబ్బై రెండు. నాబుకు చోటు లేదు.

ఆయన ఆ కాగితాన్ని రెండు రోజులు బల్ల మీద ఉంచి చూశారు. తర్వాత మేరీరత్నం గారికి ఫోను చేసి, నాబు తర్వాత చూద్దామండి, ముందు ఇది కానివ్వండి అన్నారు. ఆవిడ సరేనన్నారు. తర్వాత అనే మాటను పెద్దవాళ్లు ఎప్పుడు వాడతారో బడిపిల్లలకు బాగా తెలుసు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున యంత్రం సిద్ధమైంది. మాస్టారు కిటికీ తెరిచి, స్విచ్చి వేసి, కుర్చీలో కూర్చున్నారు. నేను గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. టీవీ మీద నల్లబల్ల కనిపించింది. దాని ముందుకు ఒకావిడ వచ్చి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. చేతులు ఎత్తింది.

నాకు బొమ్మ అంటే కొన్ని లక్షల చుక్కలే. అయినా ఆ చేతులు కదిలిన తీరు వేరని నాకు తెలిసింది, ఎందుకంటే ఆ చోట చుక్కలు ఒక్క బొమ్మకూ నిలవకుండా మారిపోతున్నాయి. ఆవిడ చేతులతోపాటు పెదవులూ కదులుతున్నాయి.

స్పీకరులోంచి ఏమీ రాలేదు. గరగర కూడా లేదు.

మాస్టారు లేచి వాల్యూం పెంచారు. తర్వాత ఆపేశారు. ఆ ఆదివారం, ఆ తర్వాతి రెండు ఆదివారాలు ఆయన వెతికారు. స్పీకరు మార్చారు. తీగలు మార్చారు. బ్యాటరీ సెల్లుతో స్పీకరును తాకిస్తే టక్కుమంది, అంటే దాని తప్పు లేదు. టంకం చుక్కలన్నీ భూతద్దంలో చూశారు. ఒకటి కూడా వదులుగా లేదు. ఇక మిగిలింది నేను.

నేను చేసిన పనేమిటో మీకు చెబుతాను. కార్డు మీద ధ్వని కోసం ఉన్న చోట నేను చదివినవన్నీ సున్నాలు. సున్నాలనే స్పీకరుకు ఇచ్చాను. పంతొమ్మిది గదులూ రెప్ప వెయ్యకుండా పని చేశాయి. కానీ పెదవులు కదులుతుంటే అక్కడ మాట లేదని ఎవరు అనుకుంటారు? ఆవిడ మాట్లాడేదని ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని ఆయన అనుమానించలేదు. పాత మాలును అనుమానించారు.

యాదగిరికి ఫోను చేశారు.

"మీరు చెప్పింది నిజమేనండి. గొంతు పలకడం లేదు."

"ముందుగాలనే చెప్పిన గద సార్," అన్నాడు యాదగిరి. విజయం సాధించినట్టుగా అనలేదు, కాస్త బాధగానే అన్నాడు. పెద్ద చిప్పును కార్ఖానాలోనే అతికించిన పలక ఒకటి వచ్చిందని, టంకం అక్కర్లేదని, కొరియరులో పంపుతానని చెప్పాడు. దానిలో ధ్వనీ పడుతుంది, నాబూ పడుతుంది. మాస్టారు పంపమన్నారు.

పదకొండేళ్లు ఒక ఊరి మాటలన్నిటికీ దారి ఇచ్చినదాన్ని నేను. మూగదాన్నని మొదటిసారి అనిపించుకున్నాను. సమాధానం చెప్పుకునే వీలు మాకు ఉండదు.

ఈలోగా సెప్టెంబరు వచ్చింది. బడిలో బధిరుల దినోత్సవం జరుగుతుంది, గొంతు లేకపోతేనేం, బొమ్మ వరకైనా పిల్లలకు ఒకసారి చూపించండి అని మేరీరత్నం గారు అడిగారు. మాస్టారు యంత్రాన్ని అట్టపెట్టెలో పెట్టి, స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని తీసుకువెళ్లారు.

ఆ బడి గురించి నాకున్న మొదటి జ్ఞాపకం గోల. మీరు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. బెంచీలు లాగే చప్పుడు, తలుపులు విసిరే చప్పుడు, పళ్లేలు కింద పెట్టే చప్పుడు. ఎవరికీ వినపడనప్పుడు నెమ్మదిగా పెట్టడం ఎందుకు?

టీవీ దగ్గర ఎలీషా ఉన్నాడు. అదే బడిలో చదువుకుని, అక్కడే కుట్టుపని నేర్పుతూ, బడి కెమెరా, టేపులు, టీవీ అన్నీ చూసుకునే మనిషి. అతనికీ వినపడదు. హైమవతి పాఠాలను టేపుల మీంచి కంప్యూటర్లోకి ఎక్కించి మాస్టారికి ఇచ్చింది అతనే. అతను నా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలి టంకం పని చూసి బాగుందన్నట్టు తల ఊపాడు. స్పీకరు దగ్గర ఆగాడు. ఇది దేనికి అన్నట్టు చూశాడు.

మాస్టారు తన చెవి చూపించారు. తర్వాత నన్ను చూపించి, చెడిపోయిందన్నట్టు చెయ్యి తిప్పారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న సైగలు నాలుగే: టీ, అన్నం, వాన, చాలు. మిగతా వాటికి పక్కన ఆవిడ ఉండేది.

ఎలీషా పాఠం పెట్టించి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉన్నాడు. అలా చేతితో పాటలు కూడా పట్టగలడట. చెయ్యి తీసి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాశాడు.

"చిప్పు మంచిది. ఇందులో మాట లేదు. కాపీ చేసినప్పుడు పసుపు వైరు పెట్టాను. తెల్ల వైరు పెట్టలేదు. మా టీవీకి ఎప్పుడూ పెట్టం."

పసుపు వైరు బొమ్మకు, తెల్ల వైరు శబ్దానికి. ఆ బడిలో తెల్ల వైర్లన్నీ కొన్న రోజునే రబ్బరు బ్యాండు వేసి అలమరలో పడేస్తారు. అక్కడ అది మతిమరుపు కాదు. అన్నం తినేచోట చదరంగపు బల్ల పెట్టకపోవడం లాంటిది, దాంతో అక్కడ పని లేదు.

మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. మేరీరత్నం గారివైపు తిరిగి, అసలు టేపులు ఎక్కడున్నాయండి అని అడిగారు.

ఆవిడ అలమర వైపు చూశారు. "వాటి మీదే వార్షికోత్సవం తీసేశామండి. మా దగ్గర ఉన్నవి ఆరు టేపులే. కాపీ అయిపోయింది కదా అని..."

టీవీ మీద హైమవతి పాఠం చెబుతూనే ఉంది. నన్ను ఎవరూ ఆపమనలేదు.

"అతని తప్పేం లేదండి," అన్నారు మాస్టారు కాగితం మడుస్తూ. "తెల్ల వైరు పెట్టమని నేను అడగాల్సింది."

మేరీరత్నం గారు ఆ మాటను ఎలీషాకు చేతులతో చెప్పారు. అతను పుస్తకం మళ్లీ తీసుకుని, ఈసారి నెమ్మదిగా రాసి ఇచ్చాడు.

"టీచరుగారు చెప్పింది ఏదీ పోలేదు. అన్నీ చేతుల్లో ఉన్నాయి. మీరు చెవి పెడుతున్నారు. కళ్లు పెట్టండి."

అప్పుడే పిల్లలు నవ్వారు. అందరూ ఒక్కసారే. నవ్వి, టీవీ వైపు కాక మాస్టారి వైపు చూశారు. పాఠంలో ఏదో జరిగింది. ఏమిటని ఆయన మేరీరత్నం గారిని అడిగారు. ఆవిడ ఆ క్షణంలో టీవీ చూడటంలేదు. వెనక్కి తిప్పితే చెబుతానండి అన్నారు. వెనక్కి తిప్పడానికి నాబు లేదు. ముందు బెంచీలో నూకరత్నం అనే తొమ్మిదో తరగతి పిల్ల పిడికిలి ముందుకు చాపి, గాలిలో అటూ ఇటూ తిప్పి చూపింది. ఆ సైగ మాస్టారికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి యాదగిరి పంపిన పొట్లం వచ్చి ఉంది. ఆయన దాన్ని విప్పి, పెద్ద చిప్పు పలకను నా పక్కన పెట్టారు. కొత్తది, మెరుస్తోంది. దానిలో ధ్వనికి కావలసినంత చోటు ఉంది. పెట్టడానికి ధ్వనే లేదు.

ఆయన పలకను పొట్లంలో మళ్లీ చుట్టి, యాదగిరికి ఫోను చేశారు.

"మీ పాత మాలుది తప్పు కాదండి. నాది. పొట్లం తిరిగి పంపిస్తున్నాను."

"మరి సౌండు సార్?"

"అక్కర్లేదు."

యాదగిరి ఏమనుకున్నాడో తెలియదు. "మంచిగ పెట్టుకోర్రి సార్," అని మాత్రం అన్నాడు.

ఆయన నన్ను ఎంచుకోవడం అది రెండోసారి. మొదటిసారి కాళ్లు చూసి ఎంచుకున్నారు. ఈసారి నా గురించి అంతా తెలిసి ఎంచుకున్నారు. దేన్నైనా ఇలాగే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

మాస్టారు కిటికీ తెరిచి, సీటింగ్ ప్లాను ముందేసుకుని, ధ్వని కూర్చున్న పంతొమ్మిది బెంచీలను రబ్బరుతో ఒక్కొక్కటిగా చెరిపారు. కాగితం మీద అది అరగంట పట్టింది. నాలో ఒక్క క్షణం. నాకు నొప్పేమీ కలగలేదు. ఆయన సంగతి నేను చెప్పలేను. చెరిపిన పొడిని ఊదెయ్యకుండా అరచేత్తో ఒక పక్కకు తీశారు.

నాబుకు పద్దెనిమిది గదులు సరిపోయాయి. నాబు ఎటు తిరుగుతోందో చూసేవాళ్లు ఇద్దరు, ఏ బొమ్మ దగ్గర ఉన్నామో గుర్తుంచుకునేవాళ్లు పదహారు మంది. ఒక గది మిగిలింది. అక్కడ ఆయన ఏమీ రాయలేదు.

తర్వాతి వారం బడిలో నూకరత్నం నాబు పట్టుకుంది. ఎవరూ నేర్పకుండానే వేలి కొసలతో, కుట్టుమిషను చక్రం తిప్పినంత జాగ్రత్తగా తిప్పింది. పిల్లలు నవ్విన చోటు వచ్చింది. వెనక్కి తిప్పింది. నెమ్మదిగా ముందుకు. హైమవతి రెండు వేళ్లు దగ్గరకు చేర్చి, సన్నని కడ్డీ ఏదో పట్టుకున్నట్టు, ముక్కు కిందికి తెచ్చింది. ఆ వేళ్లు వణుకుతూ పైకి లేచాయి. కంటికి అందనంత వేగంగా చేసిన ఆ పనిని నేను పదమూడు బొమ్మలుగా విడదీసి చూపించాను.

"పేరండి అది," అన్నారు మేరీరత్నం గారు. "వీళ్లు మా అందరికీ చేత్తో పేర్లు పెడతారు. మనం పెట్టుకుంటే చెల్లదు, వాళ్లే పెట్టాలి. నాది గడ్డం మీద పుట్టుమచ్చ. హైమవతిది నడుముకు కొంగు దోపుకోవడం."

"ఇదెవరిదండీ?"

"మీదేనండి. పొగ మాస్టారు. ఆవిణ్ణి తీసుకెళ్లడానికి స్కూటరు మీద వచ్చినప్పుడల్లా మీ చొక్కా టంకం పొగ వాసన వేసేదంట."

ఎన్నాళ్లనుంచి అని ఆయన అడిగారు. పదిహేనేళ్లు దాటి ఉంటుందన్నారు ఆవిడ. హైమవతి మీకెప్పుడూ చెప్పలేదా అని ఆశ్చర్యపోయారు.

చెప్పలేదు. కానీ పాఠాల నిండా వాడింది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని ప్రశ్నలు నేర్పే పాఠంలో వాక్యాలన్నీ ఆయనవే. పొగ మాస్టారు కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఎక్కడెక్కడ వెతికాడు. పొగ మాస్టారు పంచదార అనుకుని టీలో ఏమి వేశాడు. పొగ మాస్టారికి కిటికీ తియ్యమని రోజూ ఎవరు చెప్పాలి. ఒక్కో వాక్యం దగ్గర నూకరత్నం ఆపుతుంటే మేరీరత్నం గారు మాటల్లో చెబుతూ వచ్చారు. పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి మాస్టారు కూడా నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇంకోసారి వెనక్కి తిప్పమ్మా అన్నారు. ఆ పిల్లకు వినపడదని గుర్తొచ్చి, పిడికిలి చాపి గాలిలో తిప్పి చూపారు. ఆయనకు వచ్చిన అయిదో సైగ అది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బడిలో గోడంత తెర ఉంది. ఆ పదకొండు పాఠాలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, నెమ్మదిగా తిప్పుకోవడానికి వాటిలోనూ వీలుంది. నాకు ఈర్ష్య లేదు. నా డబ్బా సైన్సు గదిలో అద్దాల అలమరలో, గుర్రపు నాడా అయస్కాంతాల పక్కన ఉంటుంది. పాత టీవీ కింది అరలో ఉంది. మాస్టారు రిటైరయ్యాక గురువారం గురువారం వచ్చి ఇక్కడ సైన్సు పాఠం చెబుతున్నారు, చేతులతోనే. ఆయన చేతులు నెమ్మది. పిల్లలు వాటిని చూసి నవ్వుతారు, అయినా పాఠం అర్థమవుతుందంటారు.

పాఠానికి ముందు ఆయన అలమర తెరిచి, నా డబ్బా తీసి పసుపు వైరు పెడతారు. ఎన్ని వారాలు చీకట్లో ఉన్నా, స్విచ్చి వెయ్యగానే నేను సిద్ధంగా ఉంటాను. డెబ్బై ఒక్క గదులూ ఎవరి పని వాళ్లు అందుకుంటాయి. ఖాళీగా ఉన్నది ఖాళీగానే ఉంటుంది.

ఆయన ఎప్పుడూ ఒకే చోటుకు తిప్పుతారు. ప్రశ్నల పాఠంలో చివరి ప్రశ్న. పొగ మాస్టారు గొడుగు ఎక్కడ మరిచిపోయాడు? అడిగి, హైమవతి చేతులు దించి, కనుబొమ్మలు ఎత్తి, ఎదురుగా ఉన్న పిల్లల జవాబు కోసం ఆగింది. ఆయన నాబును అక్కడ ఆపుతారు. ఆ ఒక్క బొమ్మను నేను సెకనుకు ఇరవై అయిదుసార్లు, చుక్క తేడా లేకుండా మళ్లీ మళ్లీ గీస్తూ ఉంటాను. ఎంతసేపు ఆపినా నాకు అలసట లేదు.

ఆయన చేతులు ఎత్తి జవాబు చెబుతారు. తలుపు వెనక. ఎలీషా కుట్టు గది తలుపు వెనక ఆ గొడుగు ఇప్పటికీ వేలాడుతోంది.

తర్వాత నాబు కొంచెం ముందుకు తిప్పుతారు. నేను తర్వాతి బొమ్మ ఇస్తాను, ఆ తర్వాతిది, ఆ తర్వాతిది. తెర మీద హైమవతి టీచరు, జవాబు సరిపోయిందని తల ఊపుతుంది.